సీసీ కెమెరాలు బిగించే ముందు చూసుకోవాల్సినవి

నిచ్చెన ఎక్కకముందే మెయిన్ ఆఫ్ చేయండి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపి టెస్టర్ పెట్టి చూడండి. చాలామంది మరిచేది ఇదే.

కేబుల్ దగ్గర పైసలకు చూడొద్దు. వైరు కొస చాకుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. దూరం ఎక్కువైతే కెమెరా దాకా 12 వోల్టులు అందవు. పగలంతా బాగానే ఉండి, రాత్రి ఐఆర్ లైట్లు (చీకట్లో చూడటానికి కెమెరాలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు) వెలగగానే బొమ్మ పోతుంది. పీఓఈ (ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో కరెంటు, వీడియో రెండూ పోయే పద్ధతి) కేబుల్ 100 మీటర్లు దాటొద్దు.

కరెంటు వైర్లున్న పైపులో ఈ కేబుల్ దూర్చకండి.

హన్మకొండ, వరంగల్‌లో కోతుల బెడద తెలిసిందే. వేలాడే వైరును పీకేస్తాయి. పీవీసీ పైపులోంచే తీసుకురండి, జాయింట్లు జంక్షన్ బాక్సులో ఉండాలి. బాక్సులోకి పోయేముందు వైరును కిందికి ఉయ్యాలలా వంచితే వాన నీళ్లు అక్కడే కారిపోతాయి.

ఎత్తు 9–10 అడుగులు చాలు. పైకి పోతే మొహం బదులు నడినెత్తి కనిపిస్తుంది.