నగరాన్ని వరదకు సిద్ధం చేయడం ఎలా?

వాన నీటిని వీలైనంత త్వరగా ఊరు దాటించాలన్న లెక్కతోనే చాలా నగరాలు కాలువలు కట్టుకున్నాయి. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. అంటే కురిసినప్పుడు మరింత ఉద్ధృతంగా కురుస్తుంది. కాబట్టి కాలువలు వెడల్పు చేసే ముందు, నీరు ఎక్కడ ఆగాలో తేల్చుకోవాలి.

1. నీటి దారిని గీయండి

ఎత్తుపల్లాల పటం తీసుకుని, పూడిన చెరువులు, కనుమరుగైన వాగులు, ఇదివరకు మునిగిన వీధులు గుర్తించండి. కంప్యూటర్ నమూనా చాలదు. నీరు ఏ గడప దాకా వచ్చిందో అక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్నవారిని అడగండి.

2. ఎంత వానకు సిద్ధపడాలో నిర్ణయించండి

ఏటా 1 శాతమే అవకాశమున్న వరద 30 ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం సుమారు 26 శాతం. అదీ వాతావరణం మారదనుకుంటేనే. పాత వర్షపాత రికార్డులకు రాబోయే దశాబ్దాల అంచనాలను జోడించండి.

3. పడినచోటే పట్టండి

హెక్టారు స్థలంలో 100 మిల్లీమీటర్ల వాన పడితే 10 లక్షల లీటర్ల నీరు. తారు, కాంక్రీటు మీద అందులో అధిక భాగం కాలువకే పరుగెడుతుంది. ఇంకుడు గుంతలు, నీరు ఇంకే ఫుట్‌పాత్‌లు, పైకప్పు తోటలు ఆ పరుగుకు పగ్గం వేస్తాయి. అయితే బంకమట్టి నేలలో, భూగర్భజలం పైపైనే ఉన్నచోట ఇంకుడు గుంత తవ్వి లాభం లేదు. అక్కడ తొట్టెలే మేలు.

4. మిగిలిన నీటికి చోటివ్వండి

అసలు పని ఇదే, రాజకీయంగా కష్టమైనదీ ఇదే, ఎందుకంటే దీనికి భూమి కావాలి. 2011 జూలై 2 నాటి కుండపోత తర్వాత కోపెన్‌హాగన్ మరుసటి ఏడాదే ప్రత్యేక ప్రణాళిక వేసుకుంది. కొన్ని వీధులు నీటిని మోసుకెళ్లేలా, కొన్ని పార్కులు దాన్ని కాసేపు నిలుపుకునేలా మార్చాలన్నది అందులోని ఆలోచన. రోటర్‌డ్యామ్‌లోని బెంథెంప్లైన్ కూడలిలో పల్లంగా కట్టిన ఆటస్థలం పెద్ద వానలో చెరువవుతుంది. సింగపూర్ బిషాన్ పార్కులో 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువను తొలగించి, ఒంపులు తిరిగే నదిగా మార్చారు. ఒక్క స్థలం రెండు పనులకు పనికొస్తే భూమి కోసం పోట్లాట తగ్గుతుంది.

వీటికీ హద్దుంది. వాన నీటిని స్పాంజిలా పీల్చి నిలుపుకునేలా ఊరిని మార్చే ‘స్పాంజి నగరం’ పనులు చేపట్టిన చైనాలోని జెంగ్‌జౌలో 2021 జూలై 20న ఒకే గంటలో 201.9 మిల్లీమీటర్లు కురిసింది. మెట్రో సొరంగంలోకీ నీరు చేరి ప్రాణాలు పోయాయి. ఏ నిర్మాణమూ ఆపలేని వాన వస్తుందనుకునే, రైళ్లు ఎప్పుడు ఆపాలి, ఆ ఆదేశం ఎవరివ్వాలి అన్నది ముందే రాసిపెట్టుకోవాలి.

5. కీలకమైనవి పైకి ఎక్కించండి

విద్యుత్ సబ్‌స్టేషన్లు, నీటి పంపులు, ఆసుపత్రి జనరేటర్లు నేలమాళిగలో ఉండకూడదు. 2012లో శాండీ తుపానుకు న్యూయార్క్‌లో ఆసుపత్రులు ఖాళీ చేయాల్సి వచ్చింది.

6. నిర్వహణకు విడిగా నిధులు కేటాయించండి

పూడిక తీయని కాలువ, మట్టి పట్టిన ఇంకుడు ఫుట్‌పాత్ ఉన్నా లేనట్టే. ప్రతి నిర్మాణానికీ బాధ్యుడైన అధికారి హోదా, శుభ్రం చేయాల్సిన తేదీ వానాకాలం ముందే ప్రకటించండి.