గారివర్డ్ కొండల నుంచి బుడ్జ్ బిమ్ దాకా: పశ్చిమ విక్టోరియా యాత్ర ఎలా చేయాలి?

మెల్‌బోర్న్‌లోని తెలుగు ఇళ్లకు చుట్టాలు రాగానే తెల్లవారకముందే కారెక్కించి, సముద్రతీరపు రోడ్డు మీద ట్వెల్వ్ అపోస్టల్స్ అనే సముద్రపు రాతిస్తంభాల దాకా తీసుకువెళ్లి రాత్రికి తిరిగి తేవడం చాలాచోట్ల చూస్తున్నాను. ఆ హడావిడిలో ఈ నేల అసలు మనుషులైన ఆదివాసుల చరిత్ర దాదాపు పూర్తిగా తప్పిపోతుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు పశ్చిమాన గారివర్డ్ కొండల రాతిచిత్రాలను, బుడ్జ్ బిమ్‌లోని ప్రాచీన చేపల కాలువలను చూసే యాత్రకు నాలుగు రోజులు కావాలి. కొండలతో మొదలుపెట్టి సముద్రం వైపు దిగాలి తప్ప తిరగేసి వెళ్లకూడదు, ఎందుకంటే తీరం దగ్గర ఫొటోలతో అలసిపోయినవారికి కొండ గుహల ముందు నిలబడే ఓపిక మిగలదు.

కారు, గట్టి బూట్లు, నీళ్లు, చలికోటు, రెండు పూటలకు సరిపడా పులిహోర చాలు. సిగ్నల్ అందని చోట్లుంటాయి కనుక మ్యాపును ముందే ఫోన్‌లోకి దింపుకోవాలి. పొద్దుగూకాక కంగారూలు రోడ్డుకు అడ్డం వస్తాయి కాబట్టి చీకటిపడేలోగా బస చేరాలి.

మొదటి రోజు బల్లారట్, అరరాట్ పట్టణాలు చూస్తూ కొండల మధ్య ఉన్న హాల్స్ గ్యాప్ అనే ఊరు చేరవచ్చు. బల్లారట్‌లో 1851లో బంగారం బయటపడింది. బంగారం తవ్వేందుకు విధించిన లైసెన్సు రుసుముపై గని కార్మికుల తిరుగుబాటు 1854 డిసెంబరు 3న అక్కడే రక్తపాతంతో ముగిసింది. విక్టోరియా రేవుల్లో విధించిన తలపన్ను తప్పించుకోవడానికి దక్షిణ ఆస్ట్రేలియాలోని రోబ్‌లో దిగి కాలినడకన వచ్చిన చైనీయులకు 1857లో దారిలో బంగారం దొరికిన చోటే అరరాట్ పట్టణమైంది.

అందరూ తప్పు చేసేది రెండో రోజే. 1836లో మిచెల్ అనే సర్వేయరు తన స్కాట్లండ్ కొండల పేరు తెచ్చి గ్రాంపియన్స్ అని పిలిచిన ఈ కొండలు జాబ్ వురుంగ్, జార్డ్‌వాడ్జలి అనే ఆదివాసి ప్రజలకు అంతకు ముందూ ఇప్పుడూ గారివర్డ్. విక్టోరియాలోని రాతిచిత్రాల స్థలాల్లో అత్యధికం ఇక్కడే ఉన్నా, సందర్శకులకు తెరిచినవి కొద్ది మాత్రమే. స్టావెల్ దగ్గరి గుహలో ఆదివాసుల సృష్టికర్త బుంజిల్ బొమ్మ, ఆయన పక్కన రెండు డింగోలు (అడవి కుక్కలు) ఉంటాయి. గుల్గర్న్ మంజ అనే మరో గుహలో ఎర్రమట్టితో వేసిన చేతి ముద్రలు, గీతలు కనిపిస్తాయి. కార్చిచ్చుల తరువాత కొన్ని దారులు మూసి ఉంచుతారు కనుక బయలుదేరే ముందురోజు పార్కులను చూసుకునే ప్రభుత్వ సంస్థ పార్క్స్ విక్టోరియా ప్రకటనలు తప్పక చూడాలి.

గుహ దగ్గర ఇనుప కంచెకు ఇవతలే నిలవాలి. చేయి లోపలికి చాపకూడదు, రాతిని తాకకూడదు, ఎందుకంటే చర్మపు నూనె రంగుమట్టిని పాడుచేస్తుంది. రంగు బాగా కనబడాలని ఒకాయన సీసాలోని నీళ్లు చిత్రం మీద చల్లబోతే నేనే అడ్డుపడ్డాను. తడిపితే రంగు కాసేపు మెరిసి, ఆపైన రాయి లోపలి ఉప్పులు పైకి తేలి చిత్రాన్నే కప్పేస్తాయి. నేల మీద కాళ్లు ఈడిస్తే లేచే దుమ్ము కూడా రంగుకు అంటుకుంటుంది కాబట్టి పిల్లలను అక్కడ పరుగెత్తనివ్వకూడదు.

వెళ్లగానే ఫోన్ తీయకుండా కనీసం పది నిమిషాలు ఊరకే చూడాలి. మొదట మరకలా అనిపించినది కళ్లు అలవాటుపడిన కొద్దీ చేతిగా, మనిషిగా తేలుతుంది. ఆ పది నిమిషాలు ఇవ్వలేనివారు అంత దూరం రావడమే వృథా.

మూడో రోజు డంకెల్డ్, హామిల్టన్ మీదుగా బుడ్జ్ బిమ్ వెళ్లాలి. అగ్నిపర్వతపు లావారాళ్లతో గుండిట్జ్‌మారా ఆదివాసి ప్రజలు కాలువలు, అడ్డుకట్టలు కట్టి, కూయాంగ్ అని వారు పిలిచే మలుగు చేపలను పట్టి పెంచిన ఏర్పాటు ఇది. కనీసం 6,600 ఏళ్ల నాటి ఈ పనితనానికి 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. గుండిట్జ్‌మారా మార్గదర్శి లేకుండా మాత్రం వెళ్లవద్దు, ఎందుకంటే నీరు ఎటు మళ్లేదో, చేపలు పట్టే బుట్ట ఎక్కడ పెట్టేవారో చూపించేవారు లేకపోతే అది రాళ్లకుప్పగానే కనిపిస్తుంది. ముందు ఆ పర్యటన బుక్ చేసుకుని, దాన్నిబట్టి మిగతా తేదీలు కుదుర్చుకోవాలి. అక్కడి గుండిట్జ్‌మారా పెద్దలను ఆంటీ, అంకుల్ అని పరిచయం చేస్తే అలాగే పిలవాలి. వరసపెట్టి పిలిచే మనకు అది కొత్త కాదు, అయితే అక్కడ అది సమాజమిచ్చిన గౌరవం కనుక పరిచయానికి ముందే మనంతట మనం వాడకూడదు.

నాలుగో రోజు ఉదయం పోర్ట్ ఫెయిరీలో నల్లరాతి ఇళ్ల మధ్య నడిచి, టవర్ హిల్ అగ్నిపర్వత బిలంలో ఈమూలను, కోలాలను చూసి, వార్నంబూల్ నుంచి ప్రిన్సెస్ హైవే మీద మెల్‌బోర్న్ తిరిగి రావచ్చు.