రిస్క్, భూగోళశాస్త్రం: విదేశంలో పీజీ చదవాలనుకునేవారికి

రిస్క్ అనే మాట కోర్సు పేరులో కనిపించినంత మాత్రాన అన్ని కోర్సులూ ఒకే విద్యను బోధిస్తాయని అనుకోకూడదు. బిజినెస్ స్కూల్లో రిస్క్ అంటే పెట్టుబడికి వాటిల్లగల నష్టం. ఇంజనీరింగ్ విభాగంలో అది ఒక కట్టడం విఫలమయ్యే సంభావ్యత. భూగోళశాస్త్ర విభాగంలో మాత్రం వరదో భూకంపమో వంటి ముప్పు, ఆ ముప్పు పరిధిలో ఉన్న మనుషులూ ఆస్తులూ, దెబ్బను తట్టుకోవడంలో వారికున్న బలహీనత, ఈ మూడూ ఒకచోట కలిసినప్పుడు పుట్టేదాన్ని రిస్క్ అంటారు. దరఖాస్తు రుసుము కట్టకముందే మీరు వెతుకుతున్నది ఈ మూడింటిలో ఏ చదువో తేల్చుకోవాలి, ఎందుకంటే కోర్సులో చేరిన తరువాత ఆ పొరపాటును దిద్దుకోవడానికి, ముఖ్యంగా ఏడాదిలోనే ముగిసే కోర్సుల్లో, వ్యవధి ఉండదు.

భూగోళశాస్త్రవేత్తలు ఈ విషయాన్ని ఎలా చూస్తారో తెలియడానికి 2010 నాటి రెండు భూకంపాలు చాలు. ఆ ఏడాది జనవరి 12న హైతీలో 7.0 తీవ్రతతో భూమి కంపించింది. ఆరు వారాల తరువాత, ఫిబ్రవరి 27న, చిలీలో 8.8 తీవ్రతతో వచ్చిన భూకంపం విడుదల చేసిన శక్తి హైతీ భూకంపం కంటే దాదాపు 500 రెట్లు ఎక్కువ. అయినా చిలీలో మరణించినవారు సుమారు 500 మంది కాగా, హైతీ మృతుల సంఖ్యపై అంచనాలు ఒకదానితో ఒకటి ఎంత విభేదించినా, వాటిలో అతి తక్కువదాన్ని తీసుకున్నా అది చిలీ సంఖ్యకు పదుల రెట్లు ఉంటుంది. హైతీలో భూకంప కేంద్రం రాజధానికి చేరువలో ఉండటం ఒక కారణం. చిలీలో భూకంపాలను తట్టుకునే నిర్మాణ నిబంధనలు అమలులో ఉండటం, హైతీలో అవి లేకపోవడం మరో కారణం. ఈ రెండు కారణాల్లో మొదటిది మిమ్మల్ని ఎక్కువగా ఆకర్షిస్తే భౌతిక ప్రక్రియలకూ మోడలింగ్‌కూ ప్రాధాన్యమిచ్చే ఎమ్మెస్సీ మీకు తగినది. నిబంధనలు ఒకచోట ఎందుకు అమలయ్యాయి, మరోచోట ఎందుకు కాలేదు అన్న ప్రశ్న మిమ్మల్ని వదలకపోతే సామాజిక, రాజకీయ కోణం ఉన్న కోర్సు వైపు వెళ్లడం మంచిది.

కోర్సు ఏ వైపు మొగ్గుతుందో పేరును బట్టి కాక మాడ్యూళ్ల, అంటే కోర్సులోని విడివిడి పాఠ్యాంశాల, జాబితాను బట్టి, బోధించేవారు ఇటీవల ప్రచురించిన వ్యాసాలను బట్టి తెలుసుకోవాలి. ఇంగ్లండ్‌లోని డర్హమ్ యూనివర్సిటీలో బలమైన భూగోళశాస్త్ర విభాగంతోపాటు ముప్పులు, రిస్క్, తట్టుకునే శక్తి అనే అంశాలకే ప్రత్యేకించిన పరిశోధనా సంస్థ ఉంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ లండన్ (యూసీఎల్)లో రిస్క్, విపత్తుల తగ్గింపు కోసం ప్రత్యేక విభాగమే ఉంది. జర్మనీలో బాన్ యూనివర్సిటీ, ఐక్యరాజ్యసమితి యూనివర్సిటీ కలిసి పర్యావరణ రిస్కుల భూగోళశాస్త్రం, మానవ భద్రత అనే అంశాలపై ఆంగ్లంలో రెండేళ్ల మాస్టర్స్ నడుపుతున్నాయి. ఉపగ్రహ చిత్రాలు, జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలనూ స్థల సమాచారాన్నీ విశ్లేషించే విధానం) మీదే మనసు ఉన్నవారు నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీకి చెందిన ఐటీసీని చూడవచ్చు. 1950లో మొదలైన ఆ సంస్థకు ఇతర దేశాల విద్యార్థులకు బోధించడంలో దీర్ఘకాల అనుభవం ఉంది.

బ్రిటన్‌లో బోధనా మాస్టర్స్, అంటే పరిశోధన కంటే తరగతి పాఠాలకే ప్రాధాన్యమిచ్చే కోర్సు, సాధారణంగా 180 క్రెడిట్లు, ఒక్క ఏడాది. అందులో 60 క్రెడిట్ల వరకు డిసర్టేషన్‌కే, అంటే సొంతంగా పరిశోధించి రాసే సుదీర్ఘ వ్యాసానికే, పోతాయి. సెప్టెంబరులో చేరినవారు శీతాకాలం ముగిసేలోపే పరిశోధనాంశాన్ని ఖరారు చేయవలసి వస్తుంది కాబట్టి, విషయం ఇంకా స్పష్టంగా లేనివారికి రెండేళ్ల కోర్సే మేలని నా అభిప్రాయం. చదువుకు కాస్త విరామం ఇచ్చి ఉద్యోగంలో ఒక సమస్యను దగ్గరగా చూసినవారికి మాత్రం ఏడాది కోర్సు చక్కగా సరిపోతుంది.

దరఖాస్తుతో పంపే వ్యక్తిగత ప్రకటనలో చాలామంది ఏదో ఒక విపత్తు తమను ఎంతగా కలచివేసిందో వివరిస్తారు. అలాంటి ప్రకటనలు ఎంపిక చేసేవారి ముందుకు లెక్కలేనన్ని వస్తాయి. అంతకన్నా, ఒకే ఒక ప్రశ్నను తీసుకుని, దానికి జవాబు వెతకడానికి ఈ కోర్సులోని ఏ పాఠాలు పనికొస్తాయో, మీకు ఇప్పటికే ఏమి తెలుసో రాయడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది. ఉదాహరణకు, తుపాను ఆశ్రయ భవనం అందుబాటులో ఉన్నా కొన్ని కుటుంబాలు ఇల్లు విడిచి ఎందుకు వెళ్లవన్న ప్రశ్నలో పశువులు, దొంగల భయం, మహిళల గోప్యత, గతంలో నిజం కాని హెచ్చరికలు అన్నీ ఉన్నాయి. రెండు పేజీలకు అది చాలు. డిగ్రీలో భూగోళశాస్త్రం చదవనివారు సంకోచించనవసరం లేదు. సివిల్ ఇంజనీరింగ్, అర్థశాస్త్రం, ప్రజారోగ్యం నుంచి వచ్చినవారిని ఈ రంగం ఆహ్వానిస్తుంది.

బయలుదేరేలోపు రెండు నైపుణ్యాలను సంపాదించుకుంటే మొదటి నెలల భారం తగ్గుతుంది. మొదటిది సంభావ్యత. వందేళ్ల వరద అంటే వందేళ్లకొకసారి వచ్చే వరద కాదు, ఏ ఏడాదైనా రావడానికి 1 శాతం అవకాశమున్న వరద. అది ముప్పై ఏళ్లలో కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 26 శాతం. ఈ లెక్కను కాగితం మీద సొంతంగా చేయగలిగితే మీరు సిద్ధంగా ఉన్నట్లే. రెండవది పటాలతో పని. పటాలు తయారుచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం; యూరప్ వారి సెంటినెల్-1 ఉపగ్రహపు రాడార్ చిత్రాలూ ఉచితమే, అవి మేఘాల గుండా కూడా చూడగలవు కాబట్టి ముంపు ప్రాంతాలను గుర్తించడానికి అనువైనవి. బెల్జియంలో నిర్వహించే ఈఎం-డాట్ విపత్తుల జాబితాను కూడా తెరిచి చూడండి, కానీ ఒక జాగ్రత్తతో: పదిమంది మరణించడం, వందమంది ప్రభావితులు కావడం, అత్యవసర పరిస్థితి ప్రకటన, అంతర్జాతీయ సహాయం కోరడం వంటి కొలమానాల్లో ఒక్కదానికైనా అందని సంఘటన అందులోకి చేరదు. పేదవారిని ఏటా కొద్దికొద్దిగా కుంగదీసే చిన్న వరదలు ఆ లెక్కలో లేకుండా పోతాయి. ఏ దత్తాంశం ఎవరిని వదిలేసిందని అడగడం ఈ చదువులో తొలి అలవాటు కావాలి.

డబ్బు, వీసాల విషయంలో నియమాలు తరచూ మారతాయి కనుక ప్రభుత్వ పేజీలనే నమ్ముకోవాలి. బ్రిటన్ వీసాకు చూపవలసిన మొత్తం వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. డిగ్రీ స్థాయి, ఆపై విద్యార్థులు చదువు కాలంలో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. 2024 జనవరి నుంచి మొదలైన బోధనా మాస్టర్స్ కోర్సులకు జీవిత భాగస్వామినీ పిల్లలనూ వెంట తీసుకువెళ్లే అవకాశం సాధారణంగా లేదు. ఉపకార వేతనాల్లో బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్‌కు కనీసం రెండేళ్ల పని అనుభవం కావాలి, చదువు ముగిశాక రెండేళ్లపాటు స్వదేశానికి తిరిగి వెళ్లాలి. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావరకు ట్యూషన్ ఫీజు వసూలు చేయవు, కానీ జీవన ఖర్చులకు సరిపడా మొత్తం ఉందని, సాధారణంగా బ్లాక్డ్ అకౌంట్ (నెలకు కొంత మొత్తమే తీసుకోనిచ్చే బ్యాంకు ఖాతా) ద్వారా, వీసాకు ముందే చూపాలి.

తరగతిలో అడుగుపెట్టాక ఎదురయ్యే ఇబ్బంది భాష కంటే వాదనా పద్ధతిలో ఎక్కువ. 2009లో ఇటలీలోని లాక్విలా భూకంపానికి ముందు ప్రజలకు తప్పుడు భరోసా ఇచ్చారన్న అభియోగంపై ఆరుగురు శాస్త్రవేత్తలకు, ఒక అధికారికి 2012లో శిక్ష పడింది; 2014లో అప్పీలు కోర్టు శాస్త్రవేత్తలను నిర్దోషులుగా తేల్చింది. ఇలాంటి కేసు చర్చకు వస్తే సరైన జవాబేమిటని అధ్యాపకుడు అడగడు, అనిశ్చితిని ప్రజలకు చెప్పే బాధ్యత ఎవరిదో, మీ అభిప్రాయానికి ఆధారమేమిటో అడుగుతాడు. మీ ప్రాంతపు అనుభవాన్ని అక్కడ నిస్సంకోచంగా చెప్పవచ్చు, కాకపోతే దాన్ని కథగా ముగించకుండా చదివిన వ్యాసంలోని ఏ వాదన అక్కడ నిలబడదో చూపించాలి.

డిసర్టేషన్ కోసం స్వదేశానికి వెళ్లాలనుకునేవారు నెలల ముందే కదలాలి. మనుషులతో మాట్లాడే ప్రతి పరిశోధనకూ నైతిక కమిటీ అనుమతి, ప్రయాణానికి ప్రమాద అంచనా పత్రం కావాలి. అది మీరు పుట్టి పెరిగిన చోటైనా యూనివర్సిటీకి అది విదేశీ ప్రయాణమే. ఎత్తుల వివరాలున్న నాణ్యమైన పటాలను కొన్ని దేశాలు బయటకు ఇవ్వవు కాబట్టి, అవి దొరకకపోయినా సాగే ప్రణాళిక ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి. పరిశోధన కోసం స్థానికులతో చేసే ఇంటర్వ్యూలో రిస్క్ అనే మాటను నేరుగా అనువదించి అడిగితే జవాబు రాదు. వాన మొదలైతే ముందుగా ఏ వస్తువు పైకెక్కిస్తారని, ఏ నెలలో అప్పు చేయవలసి వస్తుందని అడిగితే మనుషులు మాట్లాడతారు. వారు వాడిన మాటలను వారి భాషలోనే రాసిపెట్టుకుని, డిసర్టేషన్‌లో ఉటంకించే భాగాలను మాత్రమే చివర్లో ఆంగ్లంలోకి మార్చండి.