రీసెర్చ్ పెద్దగా లేనివాళ్లు ఎమ్మెస్‌కి సీవీ ఎలా రాయాలి?

ఆగస్టు వచ్చిందంటే చాలు, "అన్నా, ఒకసారి నా సీవీ చూడవా" అంటూ జూనియర్లు నన్ను వైజాగ్‌లో ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) ఔట్‌గేట్ దగ్గరికి పిలుస్తారు. టీ వాళ్లే ఇప్పిస్తారు, తలనొప్పి మాత్రం నాది. ఫొటో, తండ్రి పేరు, పుట్టిన తేదీ, హాబీలు, చివర్లో "పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" అని ఒక సంతకం. ఇది పెళ్లిళ్ల పేరయ్యకి ఇచ్చే బయోడేటా. అమెరికా యూనివర్సిటీలకి ఇవేవీ అక్కర్లేదు, తీసెయ్యండి.

మిగతాది అరగంట పని. ఆన్‌లైన్‌లో డాక్యుమెంట్లు తయారుచేసుకునే ఓవర్‌లీఫ్ అనే సైట్‌లో ఒకే కాలమ్ ఉన్న సాదా టెంప్లేట్ తీసుకోండి, అక్షరాలు 11 పాయింట్. పేరు, మెయిల్, చదువు, ప్రాజెక్టులు, స్కిల్స్, రిఫరెన్సులు, అదే వరుసలో. కొత్తవి పైన, పాతవి కింద. సీజీపీఏ 10కి 8.1 వస్తే అలాగే రాయండి, 4కి మార్చే లెక్కలు మీరు చెయ్యొద్దు. రెండు పేజీలు దాటకూడదు. రంగుల పట్టీలు, స్కిల్స్‌కి చుక్కల రేటింగులు ఉన్న టెంప్లేట్లంటే నాకు ఒళ్లు మంట. పైథాన్‌కి ఐదులో నాలుగు చుక్కలంటే ఎవరికి ఏం అర్థమవుతుంది?

అసలు కష్టం ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ దగ్గర. అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

మొన్న ఒకబ్బాయి "మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ నీటి నాణ్యతపై అధ్యయనం, నలుగురి బృందం" అని ఒక్క లైను రాసి తెచ్చాడు. నువ్వేం చేశావురా అంటే, "ఏం లేదన్నా, శాంపిళ్లు తెచ్చి రీడింగులు ఎక్సెల్‌లో ఎక్కించా" అన్నాడు. కూర్చోబెట్టి అడిగితే ఒక్కొక్కటీ బయటికొచ్చింది. మూడు నెలలు, ఆరు చోట్ల, పదిహేను రోజులకోసారి వెళ్లాడు. కరిగిన ఆక్సిజన్ కొలవడానికి గాలి బుడగ లేకుండా సీసా నింపి, మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ గట్టు మీదే కలిపి, ల్యాబ్‌కొచ్చి థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేశాడు. ఒకరోజు రీడింగులు మరీ ఎక్కువొస్తే అనుమానమొచ్చి మర్నాడు మళ్లీ బస్సెక్కాడు. రీసెర్చ్ అంటే ఇదే కదరా! ప్రొఫెసర్ ఆగి చదివేది ఆ చివరి సంగతే, వీడు రాయకుండా వదిలేసిందీ అదే.

కాబట్టి ప్రతి ప్రాజెక్ట్‌కీ మూడే మూడు లైన్లు రాయండి: ఏం తెలుసుకోవాలనుకున్నారు, మీ చేత్తో ఏం చేశారు, ఏం తేలింది. ఏమీ తేలకపోతే ఆ ముక్కే రాయండి, తప్పు లేదు. నలుగురు చేసిన పనిని మీ ఒక్కరిదిగా రాసుకోవద్దు. రికమెండేషన్ లెటర్ రాసేది ఆ ప్రాజెక్ట్ చేయించిన గైడే, ఆయన ఒకటి చెప్పి మీరొకటి చెప్తే అక్కడితో సరి. వేసే ప్రతి అంకె ఎలా వచ్చిందో ఇంటర్వ్యూలో చెప్పగలగాలి. ప్రాజెక్ట్ డబ్బులిచ్చి కొన్నదైతే సీవీలోంచి తీసెయ్యండి, లేదా ఇప్పుడైనా కూర్చుని సొంతంగా చెయ్యండి. స్టీల్ ప్లాంట్‌లో రెండు వారాలు తిరిగి చూసిన ట్రైనింగ్‌ని ట్రైనింగ్ అనే రాయండి, రీసెర్చ్ కింద ఇరికించొద్దు.

రీసెర్చ్ పేపర్ల సంగతి నా అనుభవం మీద చెప్తున్నా. డబ్బు కడితే నాలుగు రోజుల్లో వేసే ఒక జర్నల్‌లో నేనూ ఒకటి వేయించుకున్నాను. ఇంటర్వ్యూలో ఒకాయన "రివ్యూయర్లు (వేసేముందు పేపర్ చదివి తప్పొప్పులు చెప్పేవాళ్లు) ఏమన్నారు?" అని అడిగాడు. అసలు రివ్యూయర్లుంటే కదా! మీరు అలాంటివి పెట్టొద్దు. జర్నల్‌కి పంపాక, జవాబు రాకముందు మాత్రమే "అండర్ రివ్యూ" అని రాయాలి.

ఇంకా ఏడాది టైముంటే మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి అప్లై చెయ్యండి. ఎండాకాలం వచ్చాక వెతికితే దొరకదు, ముందు ఏడాదే కన్నేసి ఉంచాలి. మన ఊళ్లోనే ఎన్ఐఓ (జాతీయ సముద్ర పరిశోధన సంస్థ) సెంటర్ ఉంది, సముద్రం మీద ఆసక్తి ఉంటే అక్కడి సైంటిస్టులకి మీ మూడు లైన్లతో మెయిల్ పెట్టండి.

రిఫరెన్సుల్లో పేరు పెట్టేముందు ఆ సార్‌ని అడగండి. ఫైల్ మీ పేరుతో పీడీఎఫ్‌గా సేవ్ చెయ్యండి. నిన్న ఒకమ్మాయి పంపిన ఫైల్ పేరు "ఫైనల్ ఫైనల్ 3", తెరిస్తే లోపల వాళ్ల సీనియర్ సీవీ ఉంది.