పాత మున్సిఫు కోర్టు పరిధి చరిత్ర రాయడం ఎలా: శ్రీకాకుళం సరిహద్దు తాలూకాల వారి కోసం

ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, పాతపట్నం ప్రాంతాల్లో ఊరి చరిత్ర రాయబూనినవారు సాధారణంగా గుడితోనో, జమీందారు కోటతోనో మొదలుపెడతారు. నేను మాత్రం మరో దారి సూచిస్తాను. ఆ ఊరి రైతు గట్టు తగాదా వచ్చినప్పుడు, అప్పు వసూలు కానప్పుడు, అన్నదమ్ముల వాటా తేలనప్పుడు ఏ కోర్టు మెట్లు ఎక్కేవాడు, అక్కడ ఓడిపోతే అప్పీలుకు ఎంత దూరం వెళ్లేవాడు అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. సరిహద్దు ప్రాంతంలో దీనికి జవాబు తరానికొకసారి మారింది, ఆ మార్పుల్లోనే ఈ ప్రాంతపు చరిత్ర చాలావరకు ఉంది.

ముందుగా రాయవలసింది కోర్టు భవనం గురించి కాదు, దాని పరిధి గురించి. 1873 నాటి మద్రాసు సివిల్ కోర్టుల చట్టం కింద పనిచేసిన, కింది స్థాయి సివిల్ కోర్టైన జిల్లా మున్సిఫు కోర్టుకు ప్రభుత్వ నోటిఫికేషన్ ద్వారా హద్దులు నిర్ణయించేవారు. ఆ హద్దు మారితే ఊరు కదలకుండానే దాని కోర్టు మారిపోయేది. అందుచేత ఒక నోటుబుక్కులో మీ పరిధిలోని గ్రామాల పేర్లు నిలువు వరుసలో రాసుకుని, ప్రతి గ్రామం ఎదుట అది ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ జిల్లాలో, ఏ హైకోర్టు కింద ఉన్నదో నింపుతూ రండి.

ఇచ్ఛాపురాన్నే చూడండి. 1936 మార్చి 31 వరకు అది గంజాం జిల్లా, ఆ మరునాటి నుంచి విశాఖపట్నం జిల్లా, 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా. పార్వతీపురం సంగతి మరీ విశేషం: విశాఖపట్నం, 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో సొంత పేరుతో పార్వతీపురం మన్యం. హైకోర్టు వరుస కూడా ఇలాగే నడిచింది. 1954 జూలై వరకు మద్రాసు, తర్వాత గుంటూరు, 1956 నవంబరు నుంచి హైదరాబాదు, 2019 జనవరి 1 నుంచి అమరావతి. 1950లో వేసిన దావా అప్పీళ్లతో పదేళ్లు సాగితే, దాని కాగితాలు మూడు నగరాల పేర్లు మోయవచ్చు.

వీటన్నిటిలో ఎక్కువ శ్రమ పెట్టవలసిన తేదీ 1936 ఏప్రిల్ 1. ఆనాడు ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి, గంజాం జిల్లాలో అధిక భాగమూ, విశాఖపట్నం జిల్లాలోని జయపురం ప్రాంతమూ అందులో చేరాయి. పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. పర్లాకిమిడి పట్టణం ఒరిస్సాలోకి వెళ్లగా, మహేంద్రతనయ తీరాన దానికి కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే నిలిచింది. రెండు వైపులా భూమి ఉన్న కుటుంబం ఒక్కరాత్రిలో రెండు రాష్ట్రాల కక్షిదారు అయింది. ఇటువైపు పొలం మీద అప్పీలు మద్రాసుకు పోతే, అటువైపు పొలం మీద అప్పీలు పాట్నాకు పోవలసి వచ్చింది, ఎందుకంటే ఒరిస్సాకు కటకంలో సొంత హైకోర్టు 1948 జూలై 26న గాని ఏర్పడలేదు. ఈ తేదీకి ముందు పదేళ్లు, తర్వాత పదేళ్లు విడిగా ఒక అధ్యాయంగా రాయమని నా సలహా.

ఇక ఆధారాలు. అన్నిటికంటే ముందు ఇళ్లలోని ట్రంకుపెట్టెలు తెరిపించండి. పాత క్రయ దస్తావేజు చేతికి వస్తే, అమ్మకం ధర చూసే ముందు ఆస్తి వివరం చదవండి. ఏ రిజిస్ట్రేషన్ డిస్ట్రిక్టు, ఏ సబ్ డిస్ట్రిక్టు, ఏ తాలూకా, ఏ గ్రామం అన్నది అందులో వరుసగా ఉంటుంది. తర్వాత కాగితం తిప్పి చూడండి. స్టాంపు ఎవరికి అమ్మారో, ఏ తేదీన అమ్మారో స్టాంపు వెండరు చేతిరాతతో ఉంటుంది. దాని దగ్గరే సబ్‌రిజిస్ట్రారు ముద్ర, వేలిముద్రలు, స్థిరాస్తి దస్తావేజుల నకళ్లు ఎక్కించే ఒకటో పుస్తకం ఎన్నో వాల్యూములో ఏ పుటల్లో నకలు ఎక్కిందో కనిపిస్తాయి. ఒకే పొలం తాలూకు రెండు దస్తావేజులు, ఒకటి 1936కు ముందుదీ ఒకటి తర్వాతదీ, పక్కపక్కన పెట్టి చూస్తే మొదటిదానిలో గంజాం, రెండోదానిలో విశాఖపట్నం కనిపించే అవకాశం ఉంది. వాటిని ఫొటో తీసుకుని, అసలు కాగితాన్ని ఆ ఇంటివారి చేతిలోనే తిరిగి పెట్టండి.

తేదీల విషయంలో తొందరపడకండి. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది, అది జూలై 1న మొదలవుతుంది. జూలై నుంచి డిసెంబరు వరకైతే ఫసలీకి 590, జనవరి నుంచి జూన్ వరకైతే 591 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. 1936 ఏప్రిల్ 1 ఫసలీ 1345లో పడింది. తెలుగు సంవత్సరం ధాత. పాత ఇంగ్లీషు కాగితాల్లో శ్రీకాకుళం కోసం వెదికేటప్పుడు చికాకోల్ అన్న పేరు గుర్తుంచుకోండి.

మన్యం గ్రామాల విషయంలో ఇదే కొలబద్ద పనికిరాదు. 1839 నాటి గంజాం, విశాఖపట్నం చట్టం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరుకు అప్పగించింది. మనం ఇప్పటికీ అంటున్న ‘ఏజెన్సీ’ మాట ఆ ఏజెంటు నుంచి వచ్చిందే. అక్కడి దావాలను 1924 ఏజెన్సీ రూల్స్ ప్రకారం రెవెన్యూ అధికారులే విచారించేవారు. 1917 చట్టం వచ్చాక కొండజాతుల వారి భూమి ఏజెంటు అనుమతి లేకుండా ఇతరుల చేతికి పోవడం చెల్లేది కాదు. కనుక మీ జాబితాలో ఏజెన్సీ గ్రామాలకు వేరే రంగు సిరా వాడండి, ఆ గ్రామాల దావాల కోసం మున్సిఫు కోర్టు రిజిస్టర్లలో వెదుకుతూ కాలం పోగొట్టుకోకండి.

మరొక పొరపాటు మైదానపు గ్రామాల్లో జరుగుతుంది. ఇక్కడి గ్రామాలు ఎక్కువగా ఎస్టేటు గ్రామాలు, అంటే జమీందారీ కింద ఉన్నవి. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం తర్వాత జమీందారుకూ రైతుకూ మధ్య శిస్తు తగాదాలు రెవెన్యూ కోర్టుకు వెళ్లాయి. మున్సిఫు కోర్టు డిక్రీలలో జమీందారు పేరు తక్కువగా కనిపించినంత మాత్రాన ఆ ఊళ్లో శిస్తు పోరు లేదని రాస్తే రైతుకు అన్యాయం చేసినవారవుతాం.

కోర్టు రికార్డు గదికి వెళ్లేటప్పుడు దావా నంబరు, సంవత్సరం చేతిలో ఉండాలి. మీరు ఆ దావాలో పక్షం కాకపోతే, నకలు ఎందుకు కావాలో చెబుతూ అఫిడవిట్‌తో అర్జీ పెట్టుకోవాలి. పాత దస్త్రాల్లో కొంత భాగం గడువు తీరాక ధ్వంసం చేస్తారు కాబట్టి, అక్కడ దొరకనిదాన్ని అచ్చయిన లా రిపోర్టుల్లో వెదకండి. మద్రాసు హైకోర్టు తీర్పు తలభాగంలో ఏ కింది కోర్టు డిక్రీ మీద అప్పీలో స్పష్టంగా ఉంటుంది. పరిధి నోటిఫికేషన్లు ఫోర్ట్ సెయింట్ జార్జి గెజెట్‌లో, ఆ కాలపు ప్రభుత్వ ఉత్తర్వులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడవచ్చు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఒకటో పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు గాని, వీలునామాల మూడో పుస్తకం అలా కాదు.

పాత ప్లీడరు గుమస్తాల ఇళ్లకూ, 1984లో పదవులు రద్దయ్యే వరకు పనిచేసిన మునసబు, కరణాల ఇళ్లకూ తప్పక వెళ్లండి. కోర్టు ఉద్యోగి అమీనా జప్తుకు వచ్చిన రోజు ఇంట్లో ఏం జరిగిందో, వాయిదాకు ఏ బండి మీద వెళ్లి ఎక్కడ చద్దిమూట విప్పేవారో ఏ రిజిస్టరూ చెప్పదు. విన్నది విన్నట్టు రాసుకుని, చెప్పినవారి వయసు, ఊరు, తేదీ పక్కన వేసి, అచ్చులో మాత్రం కుటుంబాల పేర్లు తీసివేయండి. ఆ తగాదాల్లో కొన్ని ఇంకా చల్లారలేదు.

పూర్తయిన గ్రామాల జాబితాలో ప్రతి ఊరికీ ప్రస్తుత మండలం పేరు చేర్చి, ఒక ప్రతి మీ శాఖా గ్రంథాలయంలో ఇవ్వండి. సాలూరు వైపు రాసేవారు ఆంధ్ర, ఒడిశాల మధ్య వివాదంలో ఉన్న కొటియా గ్రామాల ఎదుట గడిని నింపకుండా, 1968లో సుప్రీంకోర్టు ఇచ్చిన యథాతథ స్థితి ఉత్తర్వు సంగతి రాసి ఉంచండి.