సామూహిక అటవీ వనరుల హద్దులను జీపీఎస్‌తో పటంగా రూపొందించే విధానం

అటవీ హక్కుల గుర్తింపు చట్టం, 2006 సెక్షన్ 3(1)(ఐ) కింద ఒక గూడెం తాను సంప్రదాయంగా వాడుకుంటున్న అడవిని, అంటే సామూహిక అటవీ వనరును, కాపాడుకుని నిర్వహించుకునే హక్కును కోరాలంటే, ఆ అడవి హద్దులను, అందులోని గుర్తులను చూపే పటాన్ని ఆ హక్కు కోసం ఇచ్చే దరఖాస్తు అయిన ఫారం సి తో జతచేయాలి. చేతి జీపీఎస్ పరికరం లేదా స్మార్ట్‌ఫోను, క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటరు అందుబాటులో ఉంటే ఈ పటాన్ని గ్రామసభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీయే తయారు చేసుకోవచ్చు. అయితే హద్దు ఉండేది పెద్దల జ్ఞాపకంలోనూ పొరుగు ఊళ్ల ఒప్పుదలలోనూ కాబట్టి, పరికరం దాన్ని నమోదు చేయడానికే తప్ప నిర్ణయించడానికి పనికిరాదు. అటవీ శాఖ తన పని కోసం అడవిని భాగాలుగా విడదీసి గీసుకున్న కంపార్ట్‌మెంట్ పటాన్ని ముందు పెట్టుకుని పని మొదలుపెడితే ఆ గీతలే ఊరి హద్దులుగా స్థిరపడే ప్రమాదం ఉంది. ఆ పటాన్ని చివర్లో సరిచూసుకోవడానికి మాత్రమే తీయడం మంచిది.

మొదట గ్రామసభ తీర్మానం చేయాలి. షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభ అంటే పంచాయతీ మొత్తం సభ కాదు, ఆవాసం లేదా కొన్ని ఆవాసాల సభ. తరువాత పెద్దలను కూర్చోబెట్టి నేల మీద ముగ్గుతోనో రాళ్లతోనో ఊరి అడవిని గీయించాలి. ఆడవాళ్లతో ఈ పనిని విడిగా మరోసారి చేయించడం తప్పనిసరి అని నా అభిప్రాయం. అడ్డాకులు, ఇప్పపువ్వు, దుంపలు, కట్టెల కోసం ఎవరు ఎంత దూరం వెళ్తారో వాళ్లకు తెలిసినంతగా మగవాళ్లకు తెలియదు, ఆడవాళ్లు చూపే అడవి చాలాసార్లు మరింత విశాలంగా ఉంటుంది. వాగులు, ఊటలు, మేత బీళ్లు, దేవతల చెట్లు, శ్మశానాలు, పాత ఊరి దిబ్బలు ఒక్కొక్కటీ వాడుక పేరుతో, వాడే కాలంతో సహా జాబితాలో చేరాలి. ఈ చట్టం అమలుకు వచ్చిన 2008 నాటి నియమాల్లో 13వ నియమం సామూహిక హక్కులకు సాక్ష్యంగా పరిగణించేవి చాలావరకు ఇలాంటివే.

ఇక్కడ రెండు అపోహలను తొలగించుకోవాలి. నాలుగు హెక్టార్ల పరిమితి వ్యక్తిగత సాగు భూమికే వర్తిస్తుంది, సామూహిక అటవీ వనరుకు వర్తించదు. సంప్రదాయంగా వాడుకుంటున్నదైతే ఆ అడవి రిజర్వు ఫారెస్టులో ఉన్నా, అభయారణ్యంలో ఉన్నా పటంలో చేర్చవచ్చు.

హద్దు వెంట నడిచే రోజును ముందుగానే నిర్ణయించి పొరుగు ఊళ్లకు, అటవీ, రెవెన్యూ శాఖలకు రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్లు సంతకం తీసుకోవాలి. పొరుగు ఊరితో కలిసే గట్టు మీద రెండు ఊళ్ల పెద్దలూ కలిసి ఒకేసారి నడిచి, ఆ బిందువులనే రెండు పటాల్లోనూ వాడుకోవాలి. విడివిడిగా నడిస్తే జీపీఎస్ లోపం వల్ల రెండు గీతలు ఒకదాని మీదికొకటి ఎక్కి, లేని తగాదా కాగితం మీద పుట్టుకొస్తుంది. నిజంగానే తగాదా ఉంటే, రెండు ఊళ్ల అటవీ హక్కుల కమిటీలు కలిసి కూర్చుని పరిశీలించి తమ గ్రామసభలకు చెప్పాలనీ, గ్రామసభల మధ్య కూడా కుదరకపోతే సబ్ డివిజన్ స్థాయి కమిటీకి నివేదించాలనీ 12వ నియమం చెబుతోంది.

పరికరాన్ని జీపీఎస్ స్థానాలకు ఆధారమైన డబ్ల్యూజీఎస్ 84 పద్ధతిలో, దశాంశ డిగ్రీల్లో అమర్చుకోవాలి. జీపీఎస్‌కు మొబైల్ సిగ్నల్ అవసరం లేదు. వెనుక కనిపించే పటాన్ని మాత్రం బయలుదేరే ముందే దించుకోవాలి. మామూలు పరికరాలు ఆరుబయట కొద్ది మీటర్ల తేడాతో స్థానాన్ని చూపుతాయి గానీ, దట్టమైన చెట్ల కింద, లోయల్లో ఆ తేడా బాగా పెరుగుతుంది. అందుకే ఆకు రాలే కాలంలో నడవడం మేలు. హద్దు మలుపు తిరిగే ప్రతి చోటా ఆగి, తెరపై చూపే లోపం అంకె నిలకడకు వచ్చాక, అనేక రీడింగుల సగటు తీసుకునే సౌకర్యం ఉంటే దానితో బిందువును నమోదు చేయాలి. నడిచిన దారి కూడా ట్రాక్‌గా నమోదవుతూ ఉండాలి. బిందువు సంఖ్య, వాడుక పేరు, అక్కడున్న గుర్తు, చూపించిన పెద్దల పేర్లు పుస్తకంలో చేత్తో రాసుకోవాలి, ఎందుకంటే ఫోను నీళ్లలో పడితే మిగిలేది ఆ పుస్తకమే. వాగు హద్దయితే, అది ఏ ఒడ్డో, నడిమధ్యో అన్నది కూడా రాయకపోతే తరువాత దాని మీదే వాదన వస్తుంది.

బిందువులు, ట్రాక్ ఉన్న జీపీఎక్స్ ఫైలును పరికరం నుంచి కంప్యూటరులోకి తీసుకుని క్యూజీఐఎస్‌లో తెరిచి, బిందువులను వరుసగా కలిపి బహుభుజిగా మూయాలి. విస్తీర్ణం లెక్కించే ముందు దాన్ని డిగ్రీల్లో కాక మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతికి మార్చుకోవాలి. ఈ పద్ధతి భూమిని మండలాలుగా విభజిస్తుంది; తెలుగు రాష్ట్రాల్లో 78, 84 డిగ్రీల రేఖాంశాల మధ్య ఉన్న ప్రాంతం 44 ఉత్తర మండలంలోకి, 78కి పడమట ఉన్నది 43లోకి, 84కి తూర్పున ఉన్న శ్రీకాకుళం వైపు కొస 45లోకి వస్తుంది. కొండలు, వాగులు చూపే సర్వే ఆఫ్ ఇండియా టోపో షీటును కింద పరుచుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: పాత షీట్లు డబ్ల్యూజీఎస్ 84తో కాక ఎవరెస్ట్ అనే పాత కొలత ఆధారంతో గీసినవి కాబట్టి, ఆ సంగతిని సాఫ్ట్‌వేర్‌కు చెప్పకుండా పరిస్తే, మీ గీత వాగు నుంచి వంద మీటర్లకు పైగా జరిగి కనిపిస్తుంది. అది చూసి నడక తప్పని భావించి బిందువులను జరపకండి.

పటాన్ని పెద్ద కాగితం మీద ముద్రించి, వాడుక పేర్లతోనే గ్రామసభలో చదివి వినిపించాలి. చదవడం రానివాళ్లు కూడా వాగు వెంట వేలు పెట్టి తప్పు చూపగలరు, ఆ అవకాశం తొందరలో పోగొట్టకూడదు. సవరణల తరువాతే తీర్మానం, సంతకాలు. మందు మొక్కల చోట్లు, దేవర స్థలాల ఖచ్చితమైన బిందువులు అందరికీ కనిపించే ఆన్‌లైన్ పటాల్లోకి ఎక్కించకూడదు. దరఖాస్తుకు ఒక పటం, ఊరి దగ్గర భద్రపరచడానికి మరో వివరమైన పటం ఉంచుకోవడం ఉత్తమం. ఫైళ్ల ప్రతులు ఏ ఒక్క కార్యకర్త ఫోనులోనో కాక గ్రామసభ ఆధీనంలో ఉండాలి.

మీరు చూపిన హద్దు, గుర్తులు ఉపగ్రహ చిత్రంలో కనిపించడం లేదన్న కారణంతో ఎవరైనా దరఖాస్తును పక్కన పెడితే, 2012లో సవరించిన నియమాల్లోని 12ఏ నియమాన్ని చూపించాలి. ఉపగ్రహ చిత్రాలూ ఇతర సాంకేతికతా మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చునే గానీ వాటికి ప్రత్యామ్నాయం కావని అందులో స్పష్టంగా ఉంది. హక్కు పత్రం చేతికొచ్చాక అందులో రాసిన హద్దుల వర్ణనను మీ పుస్తకంతో బిందువు బిందువుగా పోల్చుకోవాలి. అదే నియమం ప్రకారం రెవెన్యూ, అటవీ శాఖలు తుది పటం తయారు చేసి ఆ హక్కులను తమ రికార్డుల్లోకి ఎక్కించాలి, అందుకు గరిష్ఠంగా మూడు నెలల గడువుంది. ఆ గడువు దాటినా నమోదు కాకపోతే జిల్లా స్థాయి కమిటీకి రాతపూర్వకంగా విన్నవించి, రసీదును పటంతో పాటే దాచుకోవాలి.