కోయి కొలనులో స్కిమ్మర్‌ను సరిగ్గా నడపడం ఎలా?

కోయి అంటే కొలనుల్లో అందానికి పెంచే రంగుల చేపలు. ఆ కొలనులో స్కిమ్మర్ చేసే పని ఒక్కటే: నీటి మీద తేలే ఆకులు, పుప్పొడి, జిడ్డు తెట్టు మునగకముందే లాగేయడం. అడుగున చేరే చేపల మలాన్ని అది ముట్టుకోదు, దానికి కొలను అడుగు నుంచి నీటిని లాగే బాటమ్ డ్రెయిన్ వేరే ఉండాలి. స్కిమ్మర్ పెట్టినా నీళ్లు మురికిగానే ఉన్నాయనే ఫిర్యాదు చాలావరకు ఈ తేడా తెలియక వచ్చేదే.

కావాల్సినవి తక్కువే. తేలే తలుపున్న గోడ స్కిమ్మర్, లోపల బుట్ట, పంపు, పంపు నుంచి నీరు బయటికి వెళ్లే పైపు మీద ప్రవాహాన్ని పెంచి తగ్గించే ఒక బాల్ వాల్వ్. గాలి చెత్తను ఏ ఒడ్డుకు తోస్తుందో స్కిమ్మర్ అక్కడుండాలి, తిరిగొచ్చే నీరు ఎదుటి ఒడ్డున పడాలి.

పంపు లెక్క: పొడవు, వెడల్పు, లోతు మీటర్లలో గుణించి 1000తో హెచ్చవేయండి. 4 × 2.5 × 1.5 మీటర్ల కొలనులో 15,000 లీటర్లుంటాయి. ఆ నీరంతా కనీసం రెండు గంటలకోసారి తిరగాలి, అంటే గంటకు 7,500 లీటర్లు. పంపు డబ్బా మీది అంకెను నమ్మకండి, అది నీటిని పైకి ఎత్తే పని లేనప్పటి లెక్క. నీరు బయటపడే చోట 20 లీటర్ల బకెట్ పట్టండి. 8 సెకన్లలో నిండితే గంటకు 9,000 లీటర్లు వస్తున్నట్టు.

అసలు కష్టం నీటి మట్టాన్నీ ప్రవాహాన్నీ కలపడంలో ఉంది. దాదాపు అందరూ తప్పేది ఇక్కడే.

బుట్ట ఖాళీ చేసి, నీటిని స్కిమ్మర్ నోటి (నీరు లోపలికి వెళ్లే తెరిపి) పై అంచుకు అంగుళం కిందివరకు నింపండి. వాల్వ్ సగం తెరిచి పంపు వేయండి. తర్వాత కొంచెం కొంచెంగా తెరుస్తూ, తెరిచిన ప్రతిసారీ కొన్ని నిమిషాలు ఆగండి, మట్టం కుదురుకోవడానికి ఆ టైమ్ పడుతుంది. తలుపు లోపలికి వాలి, దాని అంచు మీదుగా పలచటి పొరలా నీరు జారాలి. ఆ పొర పలచగా ఉంటేనే ఉపరితలం వేగంగా కదులుతుంది. ఎదుటి ఒడ్డున నాలుగు ఎండుటాకు ముక్కలు వేయండి, అవి నోటి దగ్గరికొచ్చాక ఆగకుండా లోపలికి పోవాలి.

నోటి పై అంచు దాటి నీరుంటే చెత్త గోడకు అంటుకుని అక్కడే తిరుగుతుంది. మట్టం మరీ తగ్గితే స్కిమ్మర్ పెట్టెలో సుడి లేచి గరగర చప్పుడొస్తుంది. పంపు గాలి పీలుస్తోందన్నమాట, వెంటనే వాల్వ్ తగ్గించండి. నీటిలో మునిగి పనిచేసే (సబ్‌మెర్సిబుల్) మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీరే, అది లేకపోతే కాలిపోతుంది.

ఖాళీ బుట్టతో సరిపెట్టి ఊరుకోకండి. బుట్ట నిండేకొద్దీ పెట్టెలో మట్టం పడిపోతుంది, పొద్దున బాగున్న అమరిక సాయంత్రానికి పంపును ఎండగట్టొచ్చు. బుట్టలో సగం దాకా ఆకులు వేసి, పంపు అప్పటికీ పూర్తిగా మునిగే ఉందో లేదో చూడండి. మట్టం తగ్గగానే పంపును ఆపే ఫ్లోట్ స్విచ్ తప్పనిసరిగా పెట్టండి.

తలుపు ఇరుక్కుంటోందని ఊడదీసేవాళ్లున్నారు. అది చాలా తప్పు. తలుపు లేకపోతే నోరంతా ఒకేలా నీరు లాగి ఉపరితలం మీద పట్టు పోతుంది, పంపు ఆగగానే చెత్త తిరిగి కొలనులోకి తేలొస్తుంది. కీలు దగ్గర నాచు గీకేస్తే చాలు.

బుట్టను రోజూ పొద్దున్నే, మేత వేయకముందే ఖాళీ చేయాలి. నీటి ధారలో నానే ఆకు కుళ్లి, కరిగి మళ్లీ కొలనులోకే పోతుంది. తేలే మేతను స్కిమ్మర్ లాగేయకుండా, దాన్ని ఒకచోటే పట్టి ఉంచే మేత రింగు వాడండి. పంపు ఆపి మేత వేసే పద్ధతి వద్దు, పంపును మళ్లీ వేయడం మరిచిపోతారు.

కరెంటు ఆదా కోసం రాత్రిళ్లు పంపు ఆపడం కోయి చేపలకు ప్రమాదం. తెల్లవారుజామునే ఆక్సిజన్ బాగా తక్కువగా ఉంటుంది, ఫిల్టర్‌లో నీటిని శుద్ధి చేసే బ్యాక్టీరియా కూడా నీరు ఆగితే చచ్చిపోతుంది. ఆదా కావాలంటే లావు పైపు వేసి మలుపులు తగ్గించండి, అదే నీటికి చిన్న పంపు సరిపోతుంది.

ఎండకు మట్టం తగ్గుతుంది కాబట్టి నీరు కలుపుతుండాలి. కుళాయి నీరైతే ముందు క్లోరిన్ పోగొట్టండి. రోజూ మామూలుకన్నా ఎక్కువ నీరు కలపాల్సొస్తుంటే పంపు ఆపి చూడండి. మట్టం స్కిమ్మర్ నోటి కింది అంచు దాకా పడి అక్కడ ఆగితే, లైనర్ (కొలను లోపల పరిచే షీటు) స్కిమ్మర్‌కు అతుక్కునే చోట కారుతోందేమో ముందుగా చూడాలి. అక్కడి స్క్రూలు బిగించి, అప్పటికీ కారితే సిలికాన్ సీలెంట్ తీసి కొత్తగా వేయండి.